ఇంటికో కార్డు

ఆ పొద్దున ఆకాశానికి నిలకడ లేదు. ఆషాఢపు మబ్బులు పడమటి నుంచి తూర్పుకి, కొబ్బరి మొవ్వులకి తగులుతున్నంత కిందుగా పరుగెడుతున్నాయి గాని ఒక్క చినుకూ రాల్చడం లేదు. మబ్బుకీ మబ్బుకీ సందున ఎండ పడితే చురుక్కుమంటోంది. మబ్బు కమ్మితే ఉక్క. పల్లయ్య కాలవ గట్టు మీద నిలబడి కాసేపు పైకి చూశాడు. తలెత్తడానికి కుడి భుజం ఒప్పుకోవడం అతనికి ఇంకా వింతగానే ఉంది. ఏడాది కిందటైతే ఆకాశం చూడాలంటే మనిషి మనిషంతా వెనక్కి వాలాల్సి వచ్చేది.

భుజం సగానికి సగం నయం. అది నిజం. కాని కుడి పక్కన, చివరి పక్కటెముక కింద, ఎవరో బొటనవేలు పెట్టి అదుముతున్నట్టు ఇంకో నొప్పి చేరింది. అది తనది కాదని అతనికి ఎందుకో తోస్తోంది. నొప్పి తనది కాకపోవడమేమిటని నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

ముప్పై ఏళ్ళుగా పల్లయ్యది కొబ్బరికాయలు ఒలిచే పని. నేలలో పాతిన గునపం మొన మీద కాయని గుచ్చి, భుజం దన్నుతో మెలి తిప్పితే పీచు విడుతుంది. కాయకి మూడు మెలికలు. రోజుకి వెయ్యి కాయలు దాటితే సాయంత్రానికి చెయ్యి తనది కాదు. అతని భార్య వజ్రం అదే వర్తకుడి దగ్గర పీచు ఆరబెట్టే పనిలో ఉంది. పోయిన దసరాకి ఆ వర్తకుడు ఎప్పటిలా పంచెల చాపు పెట్టకుండా, ఒలుపు పనివాళ్ళందరికీ తలా ఒక కార్డు ఇచ్చాడు. అమలాపురంలో టైల్సు కొట్టు మీద కొత్తగా పెట్టిన ‘హాయి’ మర్దనా స్టూడియోలో ఏడాది సభ్యత్వం. నెలకి రెండుసార్లు. కాయలు ఒలిచేవాడికి మర్దనా ఏమిటని అందరూ నవ్వుకున్నారు. పంచెలయితే కట్టుకునేవాళ్ళం అని కొందరు గొణిగారు.

పల్లయ్య కార్డు తెచ్చి దేవుడి పటం వెనకాల, బియ్యం కార్డు పక్కన పెట్టాడు. నెలకి రెండుసార్లు అన్నారు కాబట్టి ఒకసారి అతను, ఒకసారి వజ్రం. అందులో ఆలోచించాల్సిందేమీ కనబడలేదు. బియ్యం కార్డు ఇంటికొకటి. ఆరోగ్యం కార్డు ఇంటికొకటి. వాళ్ళు ఎరిగిన కార్డేదైనా ఇంటిదే గాని మనిషిది కాదు. స్టూడియో కార్డు మీదా నంబరే గాని మనిషి బొమ్మ లేదు.

ఆ రోజు అతని వంతు. ఉదయం పూట సగం రాశి ఒలిచి లేస్తుంటే పక్క గునపం దగ్గర ఏడుకొండలు తల ఎత్తకుండానే, ‘‘జమీందారు గారు ఒళ్ళు పట్టించుకోడానికి బయల్దేరేరు. దారి ఇవ్వండ్రా,’’ అన్నాడు. వాడి కార్డుని వాడి మనవడు చిల్లపెంకులా చెరువు నీళ్ళ మీదికి విసిరి పారేశాడు.

షేర్ ఆటోలో కూర్చుని పల్లయ్య గడిచిన తొమ్మిది నెలలూ తలుచుకున్నాడు. గంట అని రాసి ఉంటుంది, మనిషి మీద చెయ్యి పడేది నలభై నిమిషాలు. కాగితం నింపడానికి కొంత, చొక్కా విప్పడానికి కొంత పోతుంది. ఏసీ అక్కడి మేనేజరు ఉన్నంతసేపే తిరుగుతుంది. గదికీ గదికీ మధ్య చెక్క పలక. అవతల పడుకున్నవాడి గురక ఇవతలవాడి చెవిలోనే. నూనెలో నీళ్ళు కలుస్తాయని అతనికి వాసనతోనే తెలుసు. కొబ్బరి మనిషి. నెలకో కొత్త చెయ్యి. ప్రతి కొత్త చెయ్యీ అడుగుతుంది: ఒత్తిడి తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని. ఏది చెప్పినా పడేది ఒకటే ఒత్తిడి. లేచాక గోల్డు కార్డు గురించి ఒక ప్రసంగం.

అసలు గొప్పతనం చేతుల్లో లేదు, మైనప్పొరలో ఉందని మొదటి రోజే మేనేజరు హేమంత్ చెప్పాడు. లేత కొబ్బరి మీగడలా తెల్లగా, వీపంత వెడల్పున ఉండే పొర అది. కాకినాడలో ఎవరో సైంటిస్టులు కనిపెట్టారు. అలిసిన కండలో సన్నటి వణుకు ఒకటి ఉంటుందట. మనిషికి తెలియని వణుకు. వీపు మీద పొర పరిచి, పైన దీపం వేడి పెట్టి, చేతులతో మర్దిస్తే ఆ వణుకు పొరలోకి దిగిపోతుంది. ఒంట్లో నొప్పి తగ్గుతుంది. ఒక్కో కార్డుకి ఒక పొర. టిఫిను గిన్నె లాంటి స్టీలు డబ్బాలో, మీద నంబరుతో. ఆ పొరని కరిగించి మళ్ళీ పోస్తేనే అందులో నొప్పి పోతుంది. గోల్డు కార్డువాళ్ళకి ప్రతిసారీ కరిగిస్తారు. వీళ్ళ కార్డుకి ఏడాదికి ఒక్కసారి.

మేడ మెట్లెక్కి పల్లయ్య ఆ రోజు నోరు విప్పాడు. వచ్చేటప్పుడు లేని నొప్పి పోయేటప్పుడు ఉంటోందని చెప్పాడు. హేమంత్ ఫోను లోంచి కళ్ళు తియ్యకుండా విన్నాడు. పొర నిండుకొచ్చి ఉంటుందనీ, గోల్డుకి మారితే ఆ బాధే ఉండదనీ అన్నాడు. కార్డు వెనక్కి తీసుకోమంటే, అది వర్తకుడి పేరున ఉందనీ, ఏడాది నిండితే గాని వీలు కాదనీ అన్నాడు. చివరికి ఇవాళ కొత్తమ్మాయి చేస్తుంది, చాలా బాగా చేస్తుందని చెప్పి నాలుగో గది చూపించాడు. ప్రతి నెలా అదే మాట. పల్లయ్య వెళ్ళి బోర్లా పడుకున్నాడు.

కొత్తమ్మాయి పేరు మెర్సీ. సన్నగా, చామనఛాయగా ఉంది. ఒత్తిడి ఎంత కావాలని అడగలేదు. పొర పరిచి, చేతులు ఆనించి, కాసేపు కదపకుండా ఉంచింది. కాయలో నీళ్ళు ఎంతున్నాయో చెవి ఆనించి వినే పద్ధతి అది. పనివాళ్ళకే వస్తుంది. పల్లయ్యకి మొదటిసారి ఆ గదిలో ఎవరో ఉన్నారనిపించింది.

తర్వాత ఆమె పొర తీసి గోడ వార నీలం దీపం కింద పెట్టింది. అతన్ని చొక్కా తొడుక్కుని ఇలా రమ్మంది. తెల్లటి పొర మీద కుడి భుజం దగ్గర పనస జిగురులా ఒక మరక. దాని కింద, పక్కటెముకల చోట, చేతి వెడల్పున ఇంకొకటి. దాని అంచు నల్లగా ఉంది.

‘‘బాబాయ్, ఈ పొర మీద మీరు కాకుండా ఇంకెవరైనా పడుకుంటున్నారా?’’

‘‘మా ఇంటావిడ.’’

తప్పు చేశామా అని అతను అడిగాడు. కార్డు ఇంటికొకటి కదమ్మా అన్నాడు. ఆమెకి నవ్వు రాబోయి ఆగిపోయింది. మా ఇంట్లో అయినా అలాగే అనుకునేవాళ్ళం అంది.

ప్రతి మర్దనా అయ్యాక పొరకి ఒక ఫొటో తియ్యాలని రూలు. తీసినవి ఎవరూ చూడరు. మెర్సీ కంప్యూటరులో అతని నంబరు కొట్టి పదిహేడు ఫొటోలూ వరసగా పెట్టింది. పల్లయ్య వచ్చిన తేదీల్లో భుజం మరక ముదురుగా, పక్కటెముకల మరక లేతగా ఉన్నాయి. వజ్రం వచ్చిన తేదీల్లో అది తారుమారు. నెలనెలకీ ఆ కింది మరక పెరుగుతూ వచ్చింది. మొదట రూపాయి బిళ్ళంత. ఇప్పుడు అరచెయ్యంత.

ఆమె కాకినాడలో మూడు వారాలు పని నేర్చుకుందట. అక్కడ ల్యాబులో మొదట ఎద్దుల మీదే చూశారని చెప్పింది. ఒక ఎద్దుకి ముందుకాలు కుంటు. ఇంకోదానికి ఏమీ లేదు. పొరపాటున ఒకే పొర రెండింటికీ మార్చి మార్చి వేశారు. వారం తిరిగేసరికి రెండూ సగం సగం కుంటడం మొదలెట్టాయి. లాకు తలుపులెత్తితే కాలవ అటూ ఇటూ నీళ్ళు ఒకే మట్టానికి వచ్చినట్టు. కుంటు సగమయ్యేసరికి పశువుల డాక్టరు కూడా జబ్బు ఏ కాలిదో పోల్చుకోలేకపోయాడట. అందుకే ఒక ఒంటికి ఒక పొర అని రూలు పెట్టారు. ఆ రూలు కార్డు వెనక చిన్నక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది.

‘‘ఈ నల్లంచు మాకు పటంలో చూపించారు బాబాయ్. ఇది పని నొప్పి కాదు. లోపలిది. ఇలాంటిది కనబడితే మర్దన ఆపేసి ఆసుపత్రికి పంపమన్నారు. ఆవిడకి సగమే తెలుస్తోంది. సగం మీ దగ్గరుంది.’’

పల్లయ్య పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ విసుక్కున్న నొప్పి. ఇప్పుడు దాన్ని గట్టిగా నొక్కడానికి చెయ్యి రాలేదు.

మెర్సీ హేమంత్‌కి చెప్పింది. హేమంత్ గది తలుపు వేసి మరీ, రూలు తప్పింది వాళ్ళు కాబట్టి మనకి సంబంధం లేదన్నాడట. డబ్బా కాకినాడ పంపేసి, ఫొటోలు తీసేస్తే ఆ గొడవ కరిగిపోతుందని, నోరు మెదపవద్దని అన్నాడట. ఆమె ఒక ఫొటో కాగితం మీద తీసి, మడిచి, పల్లయ్య జేబులో పెట్టింది.

దారంతా అతను వజ్రాన్ని కళ్ళ ముందు పెట్టుకుని చూశాడు. చూసినవే, ఇప్పుడు మళ్ళీ చూశాడు. చేపల పులుసు చేసిన రోజున తన వంతు అతని కంచంలోకి తోసేసి చారుతో సరిపెట్టుకోవడం. నూనె సరుకు సయించడం లేదనడం. పీచు మోపు ఎత్తుకునే ముందు కాస్త ఆగడం. ఇంకొకటి కూడా ఉంది. ఈ మధ్య ఆమె జడ ఎడం చేత్తో వేసుకుంటోంది. ఎందుకో అడగలేదు. వాళ్ళ మధ్య అడగడాలు ఎప్పుడో తగ్గిపోయాయి. పొద్దున లేచి పని, సాయంత్రం వచ్చి పడక. మాట్లాడటానికీ ఒంట్లో కొంత ఓపిక మిగలాలి.

వజ్రం అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. అతను ఫొటో చేతికిచ్చి, విషయం తనకి తెలిసినంత చెప్పాడు. తన దగ్గర సగం ఉందన్న మాట మాత్రం మింగేశాడు. ఆసుపత్రికి వెళ్దామన్నాడు. ఆమె ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసింది.

‘‘మైనం మీద మరకకి మందు రాస్తారేటి? నాకు నొప్పి లేదు. లేని నొప్పి ఏటని చెప్పుకోను ఆళ్ళకి?’’

కాస్త ఉండేది, ఇప్పుడు తగ్గిందని ఆమె అంది. ఆ మర్దన వల్లే తగ్గిందని కూడా అంది. నెలకి ఆ నలభై నిమిషాలు తప్ప పగటి పూట తను నడుం వాల్చిందెప్పుడని అడిగింది. తన వంతు రోజు వచ్చిందంటే ఆమె తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళేది. చల్లగా లేదనీ, నూనె మంచిది కాదనీ అతను సణిగితే, పడుకోనిస్తున్నారు కదా అనేది.

ఆమె అక్క కడుపు కోయించుకోవడానికని ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పుడు అన్నం క్యారేజీ పట్టుకుని మూడు రోజులు ఆ వరండాలో కూర్చున్నది వజ్రమే. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆమె మళ్ళీ బియ్యం మీదికి వంగింది.

మర్నాడు పల్లయ్య నాలుగు వందల కాయలు ఒలిచి, గునపం వదిలేసి, అమలాపురం వెళ్ళాడు. మెట్ల కింద మెర్సీ అన్నం తింటోంది. ఎదురుగా టైల్సు పెట్టె మీద కూర్చున్నాడు.

‘‘ఆ ఎద్దుల్ని తర్వాత విడదీసేరా అమ్మా?’’

విడదీశారంది. మరక ఉన్న చోట మాత్రమే దీపం పెట్టి, సగం తీసుకున్న ఎద్దు నుంచి లాగి, కుంటిదానికి తిప్పి ఇచ్చేశారు. వేడి తగ్గిస్తూ పోతే పొర తీసుకోవడం మానేసి ఇవ్వడం మొదలెడుతుంది. అప్పుడు గాని ఎముకలో చీలిక ఉందని తెలియలేదు. ఆ ఎద్దు బతికిందా అని అతను అడగలేదు. ఆమే బతికిందని చెప్పింది.

పంచుకోవడం ఆపేస్తే దానంతటదే ఆమె నొప్పి ఆమెకి చేరదా అని అడిగాడు. చేరుతుంది, రెండు నెలలో మూడు నెలలో పడుతుందని చెప్పింది. మరక పెరిగిన తీరు చూస్తే అంతకాలం ఆగకూడదని కూడా చెప్పింది. పల్లయ్య తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

‘‘అయితే ఆవిడది ఆవిడకిచ్చెయ్.’’

మెర్సీ ముద్ద కంచంలో పెట్టేసింది. నొప్పి తియ్యడానికి నేర్చుకున్న చేతులతో నొప్పి పెట్టమంటున్నారు, ఎలా పెట్టను అంది. ఆమెకి చెప్పే చేస్తారా అని అడిగింది. చెబితే రాదన్నాడు పల్లయ్య. ఆమె అతని మొహం వంక చూసింది. మంగళవారం పదకొండింటికి మేనేజరు బయటికి వెళ్తాడని చెప్పింది. భుజం నొప్పి మీకు తిరిగి ఇవ్వక్కర్లేదు, ఆమె నుంచి పొరలోకి లాగి కాకినాడ పంపేస్తాను, అక్కడే కరిగిపోతుందని అంది.

‘‘వద్దమ్మా. నాది నాకిచ్చెయ్. ఆవిడ నెత్తిన అంత పెట్టి, నేను తేలిగ్గా ఇంటికెల్లలేను.’’

మంగళవారం వజ్రం తలంటుకుంది. ఇద్దరం ఒకేసారి ఏంటని అడిగితే, పొర మారుస్తున్నారట, ఇద్దరూ ఉండాలన్నారని పల్లయ్య చెప్పాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద చెప్పచ్చు. ఇదొకటి. ఆమె అతని మొహం వైపు కాస్త ఎక్కువసేపు చూసి, ఆటో ఎక్కింది.

ముందు అతను పడుకున్నాడు. మెర్సీ దీపాన్ని కుడి పక్కకి వంచి, ఒక్క చోటే మర్దించింది. బొటనవేలు లాంటి ఆ అదుము మెల్లగా వదులైంది. వదులవుతుంటే అతనికి ఊరట కలగలేదు. తొమ్మిది నెలలు ఒంట్లో మోసినది వెళ్ళిపోతుంటే చోటు ఖాళీ అయినట్టుంది. లేచి బయట బల్ల మీద కూర్చున్నాడు. వజ్రం లోపలికి వెళ్ళింది.

చెక్క పలక వెనక అన్నీ వినిపిస్తున్నాయి. డబ్బా మూత చప్పుడు. దీపం స్విచ్చి. అమ్మా ఇబ్బందిగా ఉంటే చెప్పండి అని మెర్సీ గొంతు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వజ్రం ఊపిరి ఒకసారి ఆగి, తెగి, మళ్ళీ మొదలైంది. కేక కాదు, మూలుగు కాదు. బరువు మోపు నెత్తికెత్తుకునేటప్పుడు ఆమె తీసే ఊపిరి. అతను అది వేల సార్లు విన్నాడు. లేచి తలుపు దాకా వెళ్ళి, చెయ్యి పైకెత్తి, కొట్టకుండా దించేశాడు.

ఆమె బయటికి వచ్చి గోడ పట్టుకుని కూర్చుంది. అతను మళ్ళీ లోపలికి వెళ్ళి పడుకుంటే, అయిదు నిమిషాల్లో భుజం పాత బరువుతో, పాత మొండితనంతో తిరిగొచ్చి కూర్చుంది. మెర్సీ మొహం తుడుచుకుంటోంది. అతని కార్డు తీసుకుని, రెండు ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేసింది. ఆ సంగతి మేనేజరుకి ఏం చెప్పుకుంటుందో అతను అడగబోతే తల అడ్డంగా ఊపింది.

ఆటోలో ఇద్దరే ఉన్నారు. మబ్బులు ఇంకా అలాగే పోతున్నాయి. కాలవ లాకు దగ్గర ఆటో ఆగింది. వజ్రం పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని నీళ్ళవైపు చూస్తోంది. నుదుటి మీద చెమట.

‘‘నీ బుజం నా దగ్గరికొచ్చిందని నాకు మొదటి నెల్లోనే తెల్సు,’’ అంది.

పల్లయ్య ఆమెవైపు తిరగబోయాడు. భుజం తిరగనివ్వలేదు.

‘‘ఆ మెలిక నాకు తెలీదా. కాయ ఒలిచినట్టే పోటు. పీచు పనికి అలాంటి నొప్పి రాదు.’’

‘‘చెప్పలేదే?’’

‘‘అప్పట్నుంచే గదా నువ్వు రాత్రుళ్ళు నిద్దరోతన్నావు.’’

లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. ఆమె మళ్ళీ అంది:

‘‘నాది నీకొత్తందని తెల్దు. తెలిత్తే ఎల్లేదాన్ని కాదు.’’

ఆటో కదిలింది. ఊరి మలుపు తిరిగాక, రేపు నువ్వు పనిలోకి వెళ్ళొద్దు, ఆసుపత్రికి తోడు రా అంది. ఆరోగ్యం కార్డు పటం వెనకే ఉంది కదా అని అడిగింది. ఉందన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వజ్రాన్ని చాప మీద కూర్చోబెట్టి పల్లయ్యే పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. పొద్దున వండిన అన్నం ఉంది. చారు వెచ్చబెట్టాడు. నిన్నటి చేపల పులుసు గిన్నె మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టేశాడు. రెండు కంచాలు తెచ్చి ఎదురెదురుగా పెట్టి, ఎడం చేత్తో గరిటె పట్టుకుని వడ్డించాడు. కొంత చారు చాప మీద ఒలికింది. ఆమె కొంగుతో తుడిచింది.

తిన్నారు. ఆమె నాలుగు ముద్దలు తిని ఆగింది. నొప్పి ఒక విడత వచ్చి పోయేదాకా కళ్ళు మూసుకుని, మళ్ళీ ఒక ముద్ద తీసుకుంది. అతనికి ప్రతి ముద్దకీ భుజం కూడదీసుకోవాల్సి వస్తోంది. కంచానికీ నోటికీ మధ్య దూరం ఇన్నాళ్ళూ మరిచిపోయాడు. బయట మొదటి చినుకులు కొబ్బరి మట్టల మీద పడుతున్నాయి. ఇద్దరూ తలెత్తలేదు.

వజ్రం కంచం ముందే ఖాళీ అయింది. చేతి మీద మెతుకులు ఎండిపోతున్నా ఆమె లేవలేదు. అతని కంచంలో ఇంకా సగం ఉంది.